యూకే స్పౌజ్ వీసా తిరస్కరించారు: అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ దరఖాస్తు చేయాలా?

గుంటూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్తకు ఇంగ్లండ్‌లో శాశ్వత నివాస హక్కు ఉంది, రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఫిబ్రవరిలో పెళ్లి, మే చివర్లో స్పౌజ్ వీసాకు దరఖాస్తు. ఆగస్టులో తిరస్కరణ లేఖ వచ్చి పది రోజులైంది. లేఖలో రెండు కారణాలున్నాయి. ఒకటి, భర్త జనవరిలో కంపెనీ మారారు కాబట్టి కొత్త కంపెనీ పే స్లిప్పులు నాలుగే ఉన్నాయి, ఆదాయ నియమం నెరవేరలేదు. రెండు, ఈ వివాహ బంధం నిజమైనదని, కొనసాగుతున్నదని అధికారికి నమ్మకం కలగలేదు. శుభలేఖలోని పెళ్లి తేదీ, రిజిస్ట్రేషన్ పత్రంలోని తేదీ వేర్వేరుగా ఉన్నాయని కూడా ఎత్తిచూపారు. దరఖాస్తు చేయించిన ఏజెంటు 'అప్పీలు వేద్దాం, ఖాయంగా గెలుస్తాం' అంటున్నారట. బంధువులేమో 'ఆరు నెలలు ఆగి మళ్లీ పెట్టండి' అంటున్నారు. ఏది వినాలి?

ఇద్దరి మాటా వినకండి. నేను ఇంగ్లండ్‌లో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదుల దగ్గర చాలా ఏళ్లుగా ఇలాంటి ఫైళ్లే చూస్తున్నాను. అప్పీలా, కొత్త దరఖాస్తా అనేది ధైర్యానికి, పట్టుదలకు సంబంధించిన విషయం కాదు. 'అన్యాయం చేశారు, వదిలిపెట్టకూడదు' అన్న కోపంతో అప్పీలుకు వెళ్లి ఏడాది పోగొట్టుకున్నవారున్నారు. 'కోర్టులెందుకులే' అని కొత్త దరఖాస్తు పెట్టి, అవే పత్రాలతో అదే తిరస్కరణను రెండోసారి కొనుక్కున్నవారూ ఉన్నారు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే ఎక్కువగా తికమక పడతారు. మీవారికి శాశ్వత నివాస హక్కు ఉంది కాబట్టి మీది కుటుంబ వీసా. ఇది తిరస్కరిస్తే ట్రైబ్యునల్‌కు, అంటే ఇమ్మిగ్రేషన్ కేసులు వినే న్యాయస్థానానికి, అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. అదే ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉండి ఉంటే మీది డిపెండెంట్ వీసా అయ్యేది. దానికి ఇలాంటి అప్పీలు ఉండదు, అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అనే పునఃపరిశీలన మాత్రమే ఉంటుంది. భర్తకు ఏటా 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలన్న నియమమూ దానికి వర్తించదు. పక్కింటి అమ్మాయికి ఎలా వచ్చిందో చూసి మీ ఫైలు తయారు చేసుకుంటే చిక్కు వచ్చేది ఇందుకే. ఆమెది బహుశా డిపెండెంట్ వీసా అయి ఉంటుంది.

గడువు సంగతి. యూకే బయట ఉన్నవారు నిర్ణయం అందిన నాటి నుంచి 28 రోజుల్లోపు అప్పీలు దాఖలు చేయాలి. మీకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. గడువు దాటాక కూడా తగిన కారణం చూపి అనుమతి అడగవచ్చు గానీ, దాని మీద ఆధారపడకండి. కొత్త దరఖాస్తుకు మాత్రం గడువూ లేదు, నిరీక్షణా లేదు. తిరస్కరణ తర్వాత ఆరు నెలలు ఆగాలన్న నియమం ఎక్కడా లేదు. మీ బంధువులు చెప్పిన ఆరు నెలలు ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు, దాని దగ్గరికే వస్తున్నాను.

తిరస్కరణ లేఖ చేతిలో పట్టుకుని మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దరఖాస్తు చేసిన రోజున మీరు నియమాలన్నీ నెరవేర్చారా, నెరవేర్చినట్టు పత్రాలు పెట్టారా? రెండూ నిజమైతే తప్పు అధికారిది, అప్పుడు అప్పీలు గురించి ఆలోచించాలి. నియమం నెరవేరలేదు, లేదా నెరవేరినా పత్రం పెట్టలేదు అంటే లోపం ఫైలులో ఉంది. ఫైలు సరిచేసుకుని కొత్తగా పెట్టుకోవడమే చాలా సందర్భాల్లో దగ్గరి దారి. మినహాయింపులున్నాయి, అవి తర్వాత.

మీ మొదటి కారణాన్ని ఈ ప్రశ్నతో చూద్దాం. 2024 ఏప్రిల్ 11 నుంచి స్పాన్సర్ (యూకేలో ఉండి పిలిపించుకునే భర్త లేదా భార్య) కనీస వార్షికాదాయం 29,000 పౌండ్లు ఉండాలి. అంతకుముందు 2012 నుంచీ అది 18,600. మీవారి కొత్త జీతం 41,000 అని రాశారు, పాత కంపెనీలో 36,000. డబ్బు విషయంలో ఏ లోటూ లేదు. మరి ఎందుకు పోయింది? ఉద్యోగ ఆదాయాన్ని చూపడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు నిండిన వారికి కేటగిరీ ఎ. ఆరు నెలల పే స్లిప్పులు, ఆ జీతాలు జమయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, యజమాని లేఖ ఉంటే సరిపోతుంది. ఆరు నెలలు నిండని వారికి కేటగిరీ బి. ఇందులో ప్రస్తుత జీతం 29,000కు తగ్గకూడదు, దానితో పాటు గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా చేతికందిన జీతాల మొత్తం కూడా 29,000 దాటినట్టు చూపాలి. అంటే పాత కంపెనీ పే స్లిప్పులు, ఆ కాలపు బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత యజమాని లేఖ కూడా కావాలి.

మీ ఏజెంటు కేటగిరీ ఎ గడిలో టిక్కు పెట్టి, నాలుగు పే స్లిప్పులు జత చేశారు. మీవారు మే నెలలోనే కేటగిరీ బి కింద సునాయాసంగా అర్హులు. పన్నెండు నెలల కాగితాలు పెట్టి ఉంటే ఈ కారణం పుట్టేదే కాదు. కాబట్టి నియమం నెరవేరింది, పత్రాలు లేవు. అధికారి తనకు కనిపించిన దాన్ని బట్టి తీసుకున్న నిర్ణయాన్ని తప్పు అనలేం. వరుస పే స్లిప్పుల్లో మధ్యలో ఒకటి తప్పిపోతే అడిగి తెప్పించుకునే వెసులుబాటు అధికారికి నియమాల్లోనే ఉంది గానీ, ఎనిమిది నెలల పాత కంపెనీ కాగితాలను ఆయనే ఊహించి అడగాలని ఆశించలేం.

ఇప్పుడు ఆగస్టు. జనవరి నుంచి జూలై దాకా కొత్త కంపెనీ పే స్లిప్పులు ఏడయ్యాయి. ఆరు నెలలు నిండాయి, కేటగిరీ ఎ తలుపు దానంతట అదే తెరుచుకుంది. బంధువులు చెప్పిన ఆరు నెలల మాటకు మూలం ఇదే. ఎవరో ఉద్యోగం మారి, ఆరు నెలలు ఆగి పెట్టి వీసా తెచ్చుకున్నారు, అది నోటి మాటగా నియమమైపోయింది. (ఇంకో అపోహ కూడా ఇక్కడే తుడిచేస్తాను. మీకు హైదరాబాద్‌లో ఎంత పెద్ద జీతం ఉన్నా ఈ వీసాకు అది లెక్కలోకి రాదు. పొదుపు మాత్రం మీదైనా లెక్కకు వస్తుంది. అయితే పొదుపు ఒక్కదాని మీదే ఆధారపడితే 88,500 పౌండ్లు ఆరు నెలలుగా మీ అధీనంలో, కావాలన్నప్పుడు తీసుకోగలిగే ఖాతాలో ఉండాలి. చిట్టీలు, బంగారం, పొలం పొదుపు కిందికి రావు.)

ఇక అప్పీలు అంటే నిజంగా ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఏజెంట్లు దాన్ని 'పై అధికారి దగ్గర మళ్లీ చూపించడం'లాగా వర్ణిస్తుంటారు. అది కాదు. 2014 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చాక, నియమాల ప్రకారం నిర్ణయం తప్పు అన్న కారణం మీద అప్పీలు చేసే హక్కు పోయింది. ఇప్పుడు మిగిలింది మానవ హక్కుల కారణం ఒక్కటే. కుటుంబ జీవితాన్ని గౌరవించాలని చెప్పే యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని 8వ అధికరణం కింద ఈ తిరస్కరణ సమంజసం కాదని ఫస్ట్ టియర్ ట్రైబ్యునల్ జడ్జిని ఒప్పించాలి. వినడానికి కొండంత పని అనిపిస్తుంది. కానీ 2018లో అప్పీల్ కోర్టు ఒక పాకిస్థానీ, ఒక భారతీయ కేసును కలిపి విని స్పష్టం చేసిందేమిటంటే, కుటుంబ జీవితం ఉండి, నియమాలు కూడా నెరవేరితే అంతటితో అప్పీలుదారు గెలిచినట్టే. అంటే చుట్టు తిరిగి మళ్లీ నియమాల దగ్గరికే వస్తాం. ఇంకో మేలు కూడా ఉంది. నిర్ణయం తర్వాత పుట్టిన సాక్ష్యాన్ని కూడా జడ్జి చూడవచ్చు. మీ విషయంలో పాత కంపెనీ కాగితాలు, జూలై దాకా పే స్లిప్పులు, ఈ మధ్య ప్రయాణాల టికెట్లు అన్నీ పెట్టవచ్చు. అయితే పూర్తిగా కొత్త అంశాన్ని ముందుకు తెస్తే దానికి హోం ఆఫీసు (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) సమ్మతి కావాలి.

అంత సౌకర్యం ఉంటే అప్పీలుకే వెళ్లవచ్చు కదా అంటారా? సమయం. అప్పీలు ఆన్‌లైన్‌లో దాఖలు చేశాక, హోం ఆఫీసు తన పత్రాలు పంపాలి, మీ తరఫు వాదన వెళ్లాలి, దాని మీద వారు పునఃపరిశీలన చేయాలి, ఆ తర్వాత విచారణ తేదీ, ఆ తర్వాత తీర్పు. ఇది నెలల వ్యవహారం. ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. గెలిచాక కూడా హోం ఆఫీసు పై ట్రైబ్యునల్‌కు వెళ్లేందుకు అనుమతి అడగవచ్చు. వెళ్లకపోయినా, ఆ గడువు ముగిశాక పాస్‌పోర్టు అడిగి, కొన్నిసార్లు కొత్త టీబీ ధ్రువపత్రం కూడా అడిగి, అప్పుడు వీసా ఇస్తారు. కొత్త దరఖాస్తుకు మామూలుగా పెట్టుకునే లక్ష్యం పన్నెండు వారాలు.

అప్పీలులో ఒక మంచి మలుపు ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. మీ వాదన, పత్రాలు బలంగా ఉంటే పునఃపరిశీలన దశలోనే హోం ఆఫీసు తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవచ్చు. విచారణ దాకా పోకుండానే వీసా వచ్చిన కేసులున్నాయి. అవి ఎక్కువగా అధికారి కళ్లెదుట ఉన్న పత్రాన్ని చూడకుండా వదిలేసిన కేసులు. జత చేసిన ఇంగ్లీషు పరీక్ష ధ్రువపత్రాన్ని 'జత చేయలేదు' అని రాసినవి, జీతం కూడికలో పొరపడినవి. మీది ఆ కోవలోకి రాదు.

విచారణ గదిలో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. మీరు గుంటూరులోనే ఉంటారు. వీడియోలో మాట్లాడేస్తాను అనుకోకండి. వేరే దేశంలో ఉండి ట్రైబ్యునల్‌కు మౌఖిక సాక్ష్యం ఇవ్వాలంటే ఆ దేశానికి అభ్యంతరం లేదని తేలాలి. 2021లో పై ట్రైబ్యునల్ (అప్పర్ ట్రైబ్యునల్) తీర్పు తర్వాత ఇది గట్టిగా అమలవుతోంది. అందువల్ల మీ మాట లిఖితపూర్వక వాంగ్మూలంగా వెళుతుంది, బోనులో నిలబడేది మీవారు. హోం ఆఫీసు తరఫు అధికారి ఆయన్ని అడుగుతారు: సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎక్కడ, మీ భార్య ఏం చదివింది, తోబుట్టువులెంతమంది, రోజూ ఎన్ని గంటలకు మాట్లాడుకుంటారు, గత నెల ఆమెకు ఒంట్లో బాగాలేదని వాంగ్మూలంలో ఉంది, ఏ డాక్టరుకు చూపించారు? ఇంగ్లీషులో తడబడతారనుకుంటే తెలుగు దుబాసీని అడగవచ్చు, ట్రైబ్యునలే ఏర్పాటు చేస్తుంది. బంధం నిజమా కాదా అన్నది వివాదమైన కేసుల్లో విచారణ లేకుండా కాగితాల మీదే తేల్చమని అడగడం తెలివితక్కువ పని. కాగితాల మీద తీర్పుకు రుసుము 80 పౌండ్లు, విచారణతో 140. అరవై పౌండ్లు మిగుల్చుకుని, మీవారి ముఖం చూడకుండా జడ్జిని నమ్మమనడం ఏం న్యాయం?

అప్పీలు ఓడిపోతే ఏమవుతుందన్నది చాలామంది ఆలోచించరు. 'పోతే 140 పౌండ్లే కదా' అంటారు. పోయేది అది కాదు. బంధం నిజమైనదని నమ్మలేకపోతున్నాను అని ఒక జడ్జి తీర్పు రాస్తే, ఆ తర్వాత అదే విషయం ఎప్పుడు విచారణకు వచ్చినా ఆ తీర్పే మొదటి మెట్టు అవుతుంది. 2002 నాటి దేవసీలన్ తీర్పు నుంచి వస్తున్న సూత్రం ఇది. అధికారి లేఖలోని అనుమానానికి అంత బరువు లేదు. కొత్త పత్రాలతో దాన్ని దాటవచ్చు. జడ్జి అనుమానాన్ని దాటడం కష్టం. అందుకే సగం తయారైన ఫైలుతో, ముఖ్యంగా బంధాన్నే శంకించిన కేసులో, అప్పీలుకు పరుగెత్తవద్దంటాను.

మరి అప్పీలు తప్పనిసరి అయ్యేది ఎప్పుడు? అన్నిటికంటే ముందు, లేఖలో మోసం చేశారని, తప్పుడు పత్రం ఇచ్చారని, వాస్తవం దాచారని రాసినప్పుడు. 'నమ్మకం కలగలేదు' అనడం వేరు, 'మోసగించారు' అనడం వేరు. రెండోది మీ పేరు మీద మచ్చగా నిలిచిపోతుంది. తర్వాతి ప్రతి యూకే దరఖాస్తులో దానికి జవాబు చెప్పుకోవాలి, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా ఫారాల్లో కూడా వీసా తిరస్కరణల గురించి అడుగుతారు. ఆ ఆరోపణ అబద్ధమైతే జడ్జి చేత కొట్టివేయించుకోవడమే దారి. ఆలస్యమైనా సరే. మీ లేఖను ఈ దృష్టితో ఇంకోసారి చదవండి. మీరు పంపిన పేరాల్లో నాకు ఆ మాట కనిపించలేదు.

ఇంకోటి, మధ్యలో నియమాలు మారినప్పుడు. 2024 ఏప్రిల్ 11కు ముందు 18,600 నియమం కింద దరఖాస్తు చేసి తిరస్కరణకు గురైనవారి పరిస్థితి ఊహించండి. స్పాన్సర్ జీతం 22,000. అప్పీలులో అయితే పాత గీటురాయే ఉంటుంది. కొత్త దరఖాస్తు అయితే 29,000 గోడ. అలాంటివారికి నేను ఒకటే చెప్పేవాణ్ని: ఎంత ఆలస్యమైనా అప్పీలు వదలవద్దని. మీ మే, ఆగస్టు నెలల మధ్య అలాంటి మార్పు లేదు, ఆదాయం కూడా పుష్కలం. అయినా కుటుంబ వీసా నియమాలు మారుస్తామని ప్రభుత్వం 2025 మే శ్వేతపత్రంలోనే చెప్పింది కాబట్టి, కొత్త దరఖాస్తు పెట్టే వారం ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నాటి నియమం చూసుకుని పెట్టండి. పుట్టిన బిడ్డ బ్రిటిష్ పౌరుడైనా, స్పాన్సర్ ఇండియాకు వచ్చి స్థిరపడలేని గట్టి కారణం ఉన్నా, ఆదాయం ఎప్పటికీ 29,000 చేరే అవకాశం లేకపోయినా అప్పీలుకు బలం పెరుగుతుంది. అది పెద్ద కథ, మీకు అక్కరలేదు.

ఇప్పుడు మీ రెండో కారణం. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆదాయం కాగితాలు సరిచేసి, దీన్ని అలాగే వదిలేసి పెడితే మళ్లీ ఇదే లేఖ వస్తుంది.

ముందు తేదీల తేడా. మీరు పంపిన శుభలేఖ చూశాను. ముహూర్తం 13వ తేదీ గురువారం రాత్రి 2 గంటల 41 నిమిషాలకు, కింద చిన్న అక్షరాల్లో 'తెల్లవారితే శుక్రవారం' అని ఉంది. సబ్ రిజిస్ట్రార్ పత్రంలో 14వ తేదీ. మనకు ఇందులో వింత ఏమీ లేదు, పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మధ్యరాత్రితో కాదు. వీసా అధికారికి మాత్రం ఒకే పెళ్లికి రెండు తేదీలు కనిపించాయి. మీ అనువాదకుడు 'తెల్లవారితే శుక్రవారం' అన్న ముక్కను వదిలేశాడు. అసలు తప్పు అక్కడ జరిగింది. శుభలేఖను మళ్లీ అనువాదం చేయించండి. అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, తేదీ, చిరునామా, ఫోను, అనువాదం సరైనదన్న ధ్రువీకరణ ఉండాలి. మీ వాంగ్మూలంలో నాలుగు వాక్యాల్లో ముహూర్తం సంగతి వివరించండి. జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న ఫోటో ఫైలులో సమయం నమోదై ఉంటుంది, ఆ వివరం కనిపించేలా ఒక ప్రింటు తీయండి. ఇంతటితో ఆ పేరా ముగిసిపోతుంది.

ఫోటోలు. మీరు పెట్టినవి అరవై, అన్నీ పెళ్లి రోజువే. అలంకరణ, లైట్లు, సోఫా మీద మీరిద్దరూ. ఆల్బమ్ ఎంత ఖరీదైనదైనా అధికారికి అది ఒకే రోజు సాక్ష్యం. ఆయన వెతికేది పెళ్లి తర్వాత ఏముందన్నది. పెళ్లికి ముందు నిశ్చితార్థం, పెళ్లిచూపుల ఫోటో ఉంటే ఒకటి, సత్యనారాయణ వ్రతం, అత్తగారింట్లో భోజనాల దగ్గర తీసింది, మీవారు తిరిగి వెళ్లేటప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో తీసింది, పదిహేను చాలు. ఒక్కో దాని కింద తేదీ, ఊరు, అందులో ఎవరెవరున్నారో రాయండి. రెండు కుటుంబాల పెద్దలు కనిపించే ఫోటోలకు ప్రాధాన్యం ఇవ్వండి.

వాట్సాప్ విషయంలో మీ ఏజెంటు మూడు స్క్రీన్‌షాట్లు పెట్టారు. కొందరు దీనికి విరుగుడుగా నాలుగు వందల పేజీలు దించుతారు. అధికారి వాటిని చదవరు. పైగా మనం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే తెలుగు ఆయనకు అర్థం కాదు. నెలకు రెండు మూడు పేజీలు ఏరండి, సంబంధం కుదిరిన నెల నుంచి ఇప్పటిదాకా. సరసాలు అక్కరలేదు. అద్దె ఇల్లు చూడటం, అత్తగారి మోకాలి నొప్పి, ఎవరి పెళ్లికి ఎంత చదివించాలి, ఇలాంటి సంసారపు మాటలే బంధాన్ని ఎక్కువగా చెబుతాయి. వాటికి అనువాదం జత చేయండి. కాల్ లాగ్‌లో రోజూ మాట్లాడినట్టు కనిపించే పేజీలు విడిగా పెట్టండి. మీవారు పంపిన డబ్బు, ఇద్దరి పేరా ఉన్న టికెట్లు, హోటల్ బిల్లు, బీమాలో నామినీగా మీ పేరు, ఉన్నవి ఉన్నట్టు పెట్టండి. లేనివి ఇప్పుడు పుట్టించవద్దు. తిరస్కరణ వచ్చిన మర్నాడు తెరిచిన జాయింటు ఖాతా ఎవరినీ నమ్మించదు.

పెళ్లికి వచ్చినప్పుడు మీవారు పదహారు రోజులే ఉన్నారని కూడా అధికారి రాశారు. కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదు. ఆ సంగతి యజమాని లేఖలో ఒక వాక్యంగా వస్తే చాలు. ఆషాఢంలో ఆయన వారం రోజులు వచ్చినప్పుడు మీరు పుట్టింట్లో, ఆయన అత్తవారింటి గడప తొక్కకుండా తెనాలిలో ఉన్నారని రాశారు. ఆ ప్రయాణాన్ని సాక్ష్యంగా పెడితే ఆషాఢం ఆచారాన్ని కూడా చెప్పాలి. చెప్పకుండా రెండు చిరునామాలు చూపిస్తే కొత్త అనుమానానికి మీరే చోటిచ్చినట్టు. వీలైతే ఈ శ్రావణంలో ఆయన్ని మళ్లీ రమ్మనండి. విజిటర్ వీసా మీద మీరు అక్కడికి వెళ్లాలనుకోవడం కంటే అది నయం. స్పౌజ్ వీసా తిరస్కరణకు గురైన భార్య విజిటర్‌గా వెళ్లి తిరిగి వస్తుందని నమ్మే అధికారులు తక్కువ. వెళ్లగలిగినా అక్కడి నుంచి స్పౌజ్ వీసాకు మారలేరు.

ఖర్చు లెక్క చెబుతాను. 2025 ఏప్రిల్‌లో ఈ దరఖాస్తు రుసుమును 1,938 పౌండ్లు చేశారు. దాదాపు ఏటా ఏప్రిల్ ప్రాంతంలో పెంచుతుంటారు, కట్టే రోజున చూసుకోండి. తిరస్కరించినా ఇది తిరిగి రాదు. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035, మీ వీసా కాలానికి 3,105. తిరస్కరిస్తే ఇది మాత్రం వెనక్కి వస్తుంది. మామూలుగా ఆరు వారాల్లో కార్డుకు జమ అవుతుంది, అప్పీలు వేస్తే ఆలస్యం కావచ్చు. అప్పీలు గెలిస్తే మళ్లీ కట్టాలి. కాబట్టి ప్రభుత్వ రుసుముల వరకు చూస్తే, ఆ లెక్కన కొత్త దరఖాస్తు 1,938, అప్పీలు 140. గెలిస్తే ఆ 140 కూడా హోం ఆఫీసు చేత ఇప్పించమని జడ్జిని అడగవచ్చు. కానీ అప్పీలులో న్యాయవాది వాదన రాయాలి, విచారణకు బారిస్టరు రావాలి. అవి కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది, ఒక్కోసారి తలకిందులవుతుంది.

రెండూ ఒకేసారి నడపవచ్చా అని చాలామంది అడుగుతారు. నడపవచ్చు. అప్పీలు పెండింగులో ఉండగా కొత్త దరఖాస్తు వేయడానికి అడ్డు లేదు. వీసా వస్తే అప్పీలు ఉపసంహరించుకోవాలి. మోసం ఆరోపణ ఉన్నవారికి, పాత నియమం కాపాడుకోవాల్సినవారికి ఇది అర్థవంతం. మీలాంటి కేసులో రెండు ఫైళ్లు, రెండు వాంగ్మూలాలు, రెండు వాదనలు తయారై, ఒకదానికొకటి పొసగని చిన్న ముక్క ఎక్కడో దొర్లే అవకాశమే ఎక్కువ.

కాబట్టి మీకు నా సలహా: అప్పీలు వద్దు, కొత్తగా పెట్టండి. మీ మొదటి లోపం కాలమే తీర్చింది, రెండోది పత్రాలతో తీరేది, మోసం మాట లేదు, నియమం మారలేదు. ఇంకో విషయం కూడా ఉంది. కొత్త దరఖాస్తును కూడా తిరస్కరిస్తే దానికి మళ్లీ అప్పీలు హక్కు పుడుతుంది. అప్పుడు మీ చేతిలో ఇప్పటికంటే ఎన్నో రెట్లు గట్టి ఫైలు ఉంటుంది. ఇప్పుడు వదులుకుంటున్నది హక్కును కాదు, బలహీనమైన ఫైలుతో దాన్ని వాడుకోవడాన్ని. అయితే ఈ పద్దెనిమిది రోజుల్లోపే యూకేలోని ఒక న్యాయవాదికి లేఖ పూర్తిగా చూపించండి. నేను చూడని పేరాలో మోసం మాట ఉంటే పైన చెప్పిందంతా మారిపోతుంది.

చూపించేటప్పుడు ఎవరికి చూపిస్తున్నారో గమనించండి. యూకేలో ఇమ్మిగ్రేషన్ సలహా వృత్తిగా ఇచ్చేవారు సొలిసిటర్లు, బారిస్టర్లయినా అయి ఉండాలి, లేదా ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదైనా అయి ఉండాలి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మన ఊళ్లలోని కన్సల్టెన్సీలకు ఆ అదుపు లేదు. వారిలో మంచివారు లేరనను. కానీ 'ఖాయంగా గెలుస్తాం' అన్నవారు ట్రైబ్యునల్ ఎదుట మీ తరఫున నిలబడలేరు, ఓడితే జవాబు చెప్పేవారూ ఉండరు. పైగా కేటగిరీ ఎ, బి తేడా తెలియనివారే రేపు అప్పీలు వాదనను కూడా ఎవరిచేతనో రాయిస్తారు.

తేదీల వరుస ఒక్కటి గుర్తుంచుకుని పని మొదలుపెట్టండి. ఆన్‌లైన్‌లో ఫారం పంపి రుసుము కట్టిన రోజే మీ దరఖాస్తు తేదీ, బయోమెట్రిక్స్ ఇచ్చిన రోజు కాదు. ఆ తేదీకి ముందు 28 రోజుల్లోపు ఆర్థిక పత్రాల్లో చివరిది ఉండాలి. ఆగస్టు జీతం నెలాఖరున పడుతుంది. అది జమయిన స్టేట్‌మెంటు, ఆ పే స్లిప్పు చేతికి రాగానే యజమాని లేఖ తీసుకుని, సెప్టెంబరు రెండో వారంలోపు పంపేయండి. యజమాని లేఖలో నాలుగు విషయాలు తప్పక ఉండాలి: ఉద్యోగం, వార్షిక స్థూల జీతం, ఎప్పటి నుంచి పని చేస్తున్నారు, ఈ జీతం ఎప్పటి నుంచి ఇస్తున్నారు, ఉద్యోగం శాశ్వతమా కాంట్రాక్టా. నాలుగన్నాను, ఐదయ్యాయి, ఐదూ రాయించండి. పే స్లిప్పులో చేతికొచ్చే మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం పెన్నీతో సహా కలవాలి. ఏ నెలైనా కలవకపోతే కారణం యజమాని చేత రాయించండి.

ఇంగ్లీషు పరీక్ష ధ్రువపత్రం రెండేళ్లు చెల్లుతుంది, మీది మార్చిలో రాసింది కాబట్టి అదే వాడవచ్చు. టీబీ ధ్రువపత్రం ఆరు నెలలే. ఏప్రిల్ 20న తీసుకున్నారు కాబట్టి అక్టోబరు 20 దాటితే మళ్లీ గుర్తింపు పొందిన క్లినిక్‌లో ఎక్స్‌రే తీయించుకోవాలి, సెప్టెంబరులో పెడితే ఆ బెడద లేదు. ఫారంలో 'ఇంతకుముందు ఎప్పుడైనా వీసా తిరస్కరించారా' అన్న ప్రశ్నకు అవును అని రాసి, ఆగస్టు లేఖ తేదీ, రిఫరెన్సు సంఖ్య ఇవ్వండి. కవరింగ్ లెటర్‌లో మొదటి పేజీలోనే ఆ లేఖలోని రెండు అభ్యంతరాలను ఎత్తి, ఒక్కోదానికి ఏ పేజీలో ఏ పత్రం జవాబు చెబుతుందో సూచించండి. ఆ పేజీ సంఖ్యలు మీరే స్వయంగా సరిచూసుకోండి, ఏజెంటుకు వదలకండి.